ఎవరి వైపు నుంచి వచ్చిందని అడగకముందు

పిల్లాడి ఎమ్మారై రిపోర్టులో పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉందని రాసి వస్తే, ఆ కాగితం ఇంటికి చేరిన రాత్రే ఒక ప్రశ్న మొదలవుతుంది. ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది? మా వంశంలో ఇలాంటిది ఎన్నడూ లేదని ఒకరంటారు. మీ పెదనాన్న చేతులు చూశావా, ఒక్కో వేలూ ఎంత లావుండేదో అని ఇంకొకరు గుర్తుచేస్తారు. మేనరికమైతే ఆ మాటా వచ్చి పడుతుంది. తల్లి మాత్రం ఏమీ మాట్లాడదు. కడుపుతో ఉన్నప్పుడు తానేం తిన్నదీ, ఏ మాత్ర వేసుకున్నదీ మనసులో తిరగేసుకుంటూ ఉంటుంది.

ఆ ప్రశ్న అడగొద్దని నేను చెప్పను. అది అడగవలసిన ప్రశ్నే. దాని జవాబుతో ఇంట్లో ఇంకో బిడ్డకు ముందుగానే మేలు జరగవచ్చు. కాకపోతే, తప్పెవరిదో తేల్చడానికి అడిగితే అందరూ నోళ్లు మూసుకుంటారు, అవసరమైన విషయం ఒక్కటీ బయటికి రాదు. ఇంకెవరిని కనిపెట్టుకుని ఉండాలో తెలుసుకోవడానికి అడిగితే పెద్దలంతా తలో జ్ఞాపకం తెచ్చిపెడతారు. అందుకని ఆ ప్రశ్న అడిగే ముందు, అమ్మానాన్నలుగా మీరు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

మొదటగా, ఈ గడ్డ సాధారణంగా క్యాన్సర్ కాదు. పిట్యూటరీ అంటే మన పాఠ్యపుస్తకాల్లోని పీయూష గ్రంథే. ముక్కు మొదలుకు వెనకాల, మెదడు కింద, ఎముకలో చిన్న గుంట ఉంటుంది. అందులో ఈ గ్రంథి బఠాణీ గింజంత పరిమాణంలో కూర్చుని ఉంటుంది. బరువు అర గ్రాము చుట్టూ. ఎదుగుదల, థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు, రజస్వల కావడం, పాలు పడడం, అన్నీ దాని సంకేతాలతోనే నడుస్తాయి. అందులో వచ్చే గడ్డ దాదాపు ఎప్పుడూ ఉన్నచోటే పెరుగుతుంది, ఒంట్లో మరోచోటికి పాకదు. ఇబ్బంది రెండు రకాలుగా వస్తుంది. ఏదో ఒక హార్మోన్‌ను అతిగా వదలడం ఒకటి. పెరిగి పెద్దదై మిగతా గ్రంథిని, దాని పైనుంచి వెళ్లే కంటి నరాలను నొక్కడం రెండోది. పది మిల్లీమీటర్ల లోపుంటే చిన్న గడ్డ, అంతకు మించితే పెద్దది అంటారు. తలనొప్పికో, దెబ్బ తగిలిందనో తీయించిన స్కానింగులో ఏ ఇబ్బందీ పెట్టని చిన్న మచ్చలు బయటపడడం మామూలే. పెద్దవాళ్లలో పదిమందిలో ఒకరికి అలాంటిది కనిపించవచ్చు. కాబట్టి ‘బ్రెయిన్ ట్యూమర్’ అన్న మాట విని ఇంటిల్లిపాదీ కుప్పకూలిపోవద్దు. అది ఏ రకం గడ్డ, ఏ హార్మోన్‌ను వదులుతోంది, ఎంత పెద్దది, ఈ మూడూ డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. పిల్లల్లో అదే చోట వచ్చే క్రేనియోఫారింజియోమా అనే మరో రకం గడ్డ ఉంది. దాని సంగతి వేరు, అది సాధారణంగా వంశంలో నడిచేది కాదు. అందుకే పేరు తెలుసుకోవడం ముఖ్యం.

రెండో సంగతి, పిట్యూటరీ గడ్డల్లో అత్యధికం వారసత్వంగా వచ్చినవి కావు. వయసుతో నిమిత్తం లేకుండా మొత్తం లెక్క చూస్తే, కుటుంబంలో నడిచేవి సుమారు 5 శాతమే. మిగతావాటిలోనూ జన్యువుల ప్రమేయం ఉంటుంది, కానీ ఆ మార్పు అమ్మానాన్నల నుంచి రాదు. పుట్టిన తరవాత ఎప్పుడో, గ్రంథిలోని ఒక్క కణంలో, ఆ కణం రెండుగా చీలే సమయంలో జరుగుతుంది. ఆ కణం సంతానంలోనే ఉండిపోతుంది, రక్తంలోకీ రాదు, తరవాతి తరానికీ పోదు. గ్రోత్ హార్మోన్ వదిలే గడ్డల్లో సుమారు 40 శాతం వాటిలో జీఎన్‌ఏఎస్ అనే జన్యువులో ఇలాంటి మార్పే కనిపిస్తుంది. కుషింగ్ వ్యాధికి (పిట్యూటరీ గడ్డ వల్ల ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ అతిగా పెరిగే జబ్బు) కారణమైన గడ్డల్లో చాలావాటిలో యూఎస్‌పీ8 అనే జన్యువు మారి ఉంటుందని 2015లో తేలింది. ఎవరూ ఇవ్వకుండా, ఎవరి తప్పూ లేకుండా జరిగేవి ఇవి. కడుపుతో ఉన్నప్పుడు తల్లి తిన్నదానికీ, తిరిగినదానికీ, చూసినదానికీ ఈ గడ్డతో సంబంధముందనడానికి ఏ ఆధారమూ లేదు. ఈ మాట ఇంట్లో గట్టిగా, అత్తగారూ ఆడపడుచులూ వినేలా చెప్పవలసింది తండ్రే.

అయితే పిల్లల విషయం కొంచెం వేరు. గడ్డ ఎంత చిన్న వయసులో వస్తే, ఎంత పెద్దదిగా ఉంటే, దాని వెనక పుట్టుకతో వచ్చిన జన్యు మార్పు ఉండే అవకాశం అంత ఎక్కువ. అందుకే పిట్యూటరీ గడ్డ ఉన్న పిల్లలందరికీ జన్యు పరిశీలన అందుబాటులో ఉంచాలని ఈ మధ్యనే వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. అది ఎందుకు పనికొస్తుందో చెప్పడానికి ఐర్లాండులో జరిగిన ఒక కథ చెబుతాను.

చార్లెస్ బర్న్ అనే కుర్రవాడు 1761లో ఉత్తర ఐర్లాండులోని ఒక పల్లెటూళ్లో పుట్టాడు. అందరిలా పెరగలేదు. ఇరవై ఏళ్లకే చుట్టుపక్కల ఎవరూ చూడనంత పొడుగయ్యాడు. 1782లో లండన్ చేరి, ‘ఐరిష్ రాక్షసుడి’గా డబ్బు పుచ్చుకుని జనానికి కనిపించేవాడు. మరుసటి ఏడే, 22 ఏళ్ల వయసులో చనిపోయాడు. తన శవాన్ని కోతకు ఇవ్వొద్దని, సముద్రంలో ముంచేయమని స్నేహితులను వేడుకున్నాడు. ఆ కోరిక తీరలేదు. ఆనాటి పేరుమోసిన శస్త్రవైద్యుడు జాన్ హంటర్ శవాన్ని సంపాదించాడు. ఆ అస్థిపంజరాన్ని లండన్‌లోని హంటేరియన్ మ్యూజియంలో రెండు వందల ఏళ్లకు పైగా గాజు బీరువాలో నిలబెట్టారు. దాని ఎత్తు 231 సెంటీమీటర్లు, అంటే ఏడడుగుల ఏడంగుళాలు. 1909లో అమెరికన్ న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్ ఆ పుర్రెను తెరిపించి చూశాడు. పిట్యూటరీ కూర్చునే గుంట మామూలుకన్నా బాగా పెద్దదిగా ఉంది. పొడుగుకు కారణం గడ్డేనని అప్పుడు తెలిసింది. ఆ గడ్డ ఎందుకు వచ్చిందన్నది తెలియడానికి మరో నూరేళ్లు పట్టింది.

2006లో ఫిన్లండ్ పరిశోధకులు, పిట్యూటరీ గడ్డలు ఎక్కువగా కనిపించే కుటుంబాలను వెతికి, ఏఐపీ అనే జన్యువులో లోపాన్ని పట్టుకున్నారు. 2011లో లండన్‌లో పనిచేసే మార్తా కోర్బోనిట్స్ బృందం బర్న్ పళ్ల నుంచి డీఎన్‌ఏ తీసి చూసింది. అతనిలోనూ ఏఐపీ లోపమే ఉంది. ఈనాడు ఉత్తర ఐర్లాండులో గడ్డలతో బాధపడుతున్న నాలుగు కుటుంబాల్లో ఉన్నదీ అచ్చంగా అదే లోపం. లెక్క కట్టి చూస్తే, వాళ్లకూ బర్న్‌కూ మూలపురుషుడు ఒకరేననీ, సుమారు 1,500 ఏళ్ల కిందటివాడనీ తేలింది. ఆ తరవాత ఆ ప్రాంతంలో ఊళ్లవాళ్ల లాలాజలం పరీక్షిస్తే, దాదాపు 150 మందిలో ఒకరు ఆ మార్పును మోస్తున్నట్టు బయటపడింది. బర్న్ అస్థిపంజరాన్ని ఇకపై ప్రదర్శనకు పెట్టబోమని 2023లో మ్యూజియం ప్రకటించింది. ఆ యువకుడికి జరిగిన అన్యాయం అలా కొంతైనా సరిదిద్దుకున్నారు, ఇంకా ముందే చేయవలసిన పని అది.

ఈ కథలో తల్లిదండ్రులు గమనించవలసింది ఇది. ఒకే జన్యు మార్పు 1,500 ఏళ్లుగా తరతరాలుగా దిగుతూ వచ్చింది. అన్నేళ్లలో దాన్ని మోసినవాళ్లలో ఎక్కువమంది మామూలు ఎత్తులో పెరిగి, పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని కని, ముసలితనంలో పోయారు. ఏఐపీ మార్పు ఉన్నవాళ్లలో గడ్డ వచ్చేది నూటికి సుమారు ఇరవై ముప్పై మందికే. కాబట్టి ‘మా ఇంట్లో ఎవరికీ లేదు, ఇది వంశంలోది కాదు’ అని మనం తేల్చేసే మాటకు బలం లేదు. తాతలో ఉండి, తండ్రిలో ఉండి, ఎవరికీ తెలియకుండా మనవడిలో బయటపడవచ్చు. ఇటు చూస్తే, ఆ మార్పు ఉందని తెలిసినంత మాత్రాన పిల్లకు గడ్డ వచ్చి తీరుతుందనీ కాదు.

ఇలాంటి కుటుంబాల వల్లే మరో మంచి సంగతి తెలిసింది. మార్పు ఉందని ముందే తెలిసి, ఏటా కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో గడ్డలు చిన్నగా ఉండగానే దొరికాయి, చికిత్స ఫలితాలూ మెరుగ్గా ఉన్నాయి. బర్న్‌కు లేని అవకాశం ఈనాటి పిల్లలకు ఉంది.

వారసత్వంగా వచ్చేవాటిలో మనం తెలుసుకోవలసిన రెండో పేరు ఎంఈఎన్1. జన్యువు పేరూ, జబ్బు పేరూ అదే. 1997లో ఆ జన్యువును గుర్తించారు. దాని పని కణాలు ఇష్టం వచ్చినట్టు పెరగకుండా ఆపడం. ప్రతి మనిషికీ ఆ జన్యువు రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. సైకిలుకు రెండు బ్రేకులున్నట్టు అనుకోండి. ఒక బ్రేకు పుట్టుకతోనే పాడై వచ్చినా, రెండోది పట్టినంతకాలం ఇబ్బంది లేదు. ఎప్పుడో ఏదో ఒక కణంలో రెండోదీ తెగితే, అక్కడ గడ్డ మొదలవుతుంది. ఈ జబ్బులో గడ్డలు ముఖ్యంగా మూడుచోట్ల వస్తాయి: మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు, క్లోమం, పిట్యూటరీ. అందుకే వంశ చరిత్ర అడిగేటప్పుడు ‘తలలో గడ్డ ఎవరికైనా ఉందా’ అంటే సరిపోదు.

కుటుంబ వృక్షం గీయడానికి ఒక తెల్లకాగితం చాలు. పిల్లాడు కింద, పైన మీరిద్దరూ, మీ తోబుట్టువులు, ఆ పైన రెండు వైపుల తాతలు, అమ్మమ్మ, నానమ్మ. ఆడవాళ్లకు సున్నా, మగవాళ్లకు చతురస్రం గీస్తారు. ఇక పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఇలా అడగండి. తాతయ్యకు కిడ్నీలో రాళ్లు పదేపదే వచ్చేవా? (పారాథైరాయిడ్ పెరిగితే రక్తంలో కాల్షియం పెరిగి రాళ్లు పడతాయి, ఎంఈఎన్1 ఉన్నవాళ్లలో చాలామందికి మొదట కనిపించేది ఇదే.) కడుపులో పుండ్లని ఏళ్ల తరబడి మందులు వాడినవాళ్లెవరు? చిన్నవయసులోనే ఎముకలు గుల్లబారాయన్నది ఎవరికి? పెదనాన్న ఉంగరం వేలికి పట్టక కంసాలి దగ్గర కోయించుకున్నది ఏ వయసులో? నలభై దాటాక చెప్పుల సైజు పెరిగిందా? పెళ్లినాటి ఫోటోలో ముఖానికీ, షష్టిపూర్తి ఫోటోలో ముఖానికీ దవడ, ముక్కు, కనుబొమల ఎముక బాగా మారాయా? పిల్లలు కలగలేదని ఊరంతా అన్న మేనత్తకు నెలసరి ఆగిపోయి, చనుమొనల నుంచి పాలు కారేవా? ఆవిడను అందరూ గొడ్రాలని అన్నారే కాని పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ పరీక్ష చేయించినవాళ్లు లేరేమో.

ఆ ఫోటోలు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ముప్పై ఏళ్ల కిందటి పెళ్లి ఆల్బం ఒక్కోసారి చాలా పరీక్షలు చెప్పని సంగతి చెబుతుంది.

మిగతా పేర్లు అరుదైనవి, ఒక్కసారి విని ఉంచుకుంటే చాలు. పాలు తాగే వయసులోనే బిడ్డ అమాంతం పెరుగుతూ పోతే ఎక్స్-లాగ్ అనే పరిస్థితి ఉండవచ్చు. ఎక్స్ క్రోమోజోములో ఒక చిన్న ముక్క రెండుసార్లు నకలు కావడం వల్ల వస్తుందని 2014లో కనుగొన్నారు. ఎక్కువగా ఆడపిల్లల్లో, ఎక్కువగా కొత్తగా పుట్టిన మార్పుగానే కనిపిస్తుంది. పెదవుల మీద నల్లటి చుక్కలు, గుండెలో గడ్డలు కలిసి ఉంటే కార్నీ కాంప్లెక్స్ అంటారు. ఒంటిమీద కాఫీరంగు మచ్చలు, ఎముకల్లో వంకరలు, ఐదారేళ్లకే నెలసరి ఉంటే మెక్‌క్యూన్-ఆల్‌బ్రైట్ సిండ్రోమ్. ఇది వారసత్వంగా రాదు, అమ్మానాన్నల నుంచి సంక్రమించేది కాదు.

ఇక మేనరికం మాట. మన ఇళ్లలో ఏ జబ్బు పిల్లలకు వచ్చినా మొదట మేనరికం మీదికే పోతుంది. పుట్టుకతోనే రెండు ప్రతులూ చెడి ఉంటేనే వచ్చే జబ్బులున్నాయి, వాటికి మేనరికం దోహదం చేస్తుంది, అది నిజమే. ఏఐపీ, ఎంఈఎన్1 ఆ కోవలోవి కావు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క మార్పు వస్తే చాలు. బయటి సంబంధం చేసుకున్నా, దేశంకాని దేశంలో పెళ్లాడినా అంతే. కాబట్టి ఈ గడ్డను చూపించి, బావనో మేనమామనో చేసుకున్న అమ్మాయిని నిందించడం వైద్యపరంగా తప్పు, మనిషిగానూ తప్పు. మేనరికం వల్ల ఒక్క తేడా వస్తుంది. రెండు వైపుల బంధువులూ ఒకే చెట్టు కొమ్మలు కాబట్టి, వంశవృక్షం గీసేటప్పుడు రెండు వైపులా సమానంగా వెతకాలి.

మార్పు ఉన్న తల్లి లేదా తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం. ఇది ప్రతి కాన్పుకూ విడిగా వర్తించే లెక్క. పెద్దవాడికి వచ్చింది కాబట్టి చిన్నదానికి రాదనుకోవడానికి లేదు, వస్తుందనుకోవడానికీ లేదు. ఎంఈఎన్1లో సుమారు పదిమందిలో ఒకరికి మార్పు ఆ బిడ్డలోనే కొత్తగా మొదలవుతుంది. అమ్మానాన్నలిద్దరిలోనూ ఉండదు.

పరీక్ష అంటే రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం. కొన్నిసార్లు లాలాజలం. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. అయితే ఎవరికి ముందు చేయాలన్నది చాలా ముఖ్యం. గడ్డ ఉన్న బిడ్డకే ముందు చేయాలి. భయపడి, ఆరోగ్యంగా ఉన్న తమ్ముడి రక్తం ముందు పంపితే, అందులో ఏమీ లేదని వచ్చినా దానికి అర్థం ఉండదు. అన్నలో ఏ మార్పుందో తెలియనప్పుడు తమ్ముడిలో దేనికోసం వెతుకుతారు? అన్నలో మార్పు దొరికితే, అప్పుడు అమ్మకూ నాన్నకూ తోబుట్టువులకూ ఆ ఒక్క మార్పు కోసమే చూస్తారు. అది తేలిక, ఖర్చూ తక్కువ. లేదని తేలిన తోబుట్టువును నిశ్చింతగా వదిలేయవచ్చు. ఏటేటా రక్తపరీక్షలూ స్కానింగులూ అక్కర్లేదు, ఆ బిడ్డ పిల్లలకూ అక్కర్లేదు. నా దృష్టిలో జన్యుపరీక్ష ఇచ్చే పెద్ద కానుక ఇదే.

రిపోర్టులో ‘అర్థం నిర్ధారణ కాని మార్పు’ అని ఒక్కోసారి వస్తుంది. అంటే జన్యువులో ఒక అక్షరం తేడాగా ఉంది, అది హానికరమో కాదో ఇప్పటికి చెప్పలేమని. దాన్ని పట్టుకుని ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించవద్దు, పెళ్లి నిర్ణయాలు అసలే తీసుకోవద్దు. రెండు మూడేళ్లకోసారి దాని సంగతి మళ్లీ అడగండి. లెక్క మారుతుంటుంది. రిపోర్టు చదివి వివరించడానికి జెనెటిక్స్ తెలిసిన డాక్టరు కావాలి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. వేరే ఊళ్లో ఉన్నవాళ్లు తమ ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) ద్వారా అలాంటి సలహా ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవచ్చు. పరీక్షకు ముందూ, ఫలితం వచ్చాకా, రెండుసార్లూ ఆ సలహా తీసుకోవాలి.

మార్పు ఉన్న బిడ్డకు పరిశీలన ఎప్పుడు మొదలుపెట్టాలి? ఏఐపీ, ఎంఈఎన్1 రెండింటిలోనూ నాలుగైదేళ్ల నుంచే అని డాక్టర్లు చెబుతారు. ఏటా ఎత్తు, బరువు, రక్తంలో (గ్రోత్ హార్మోన్ తీరును చూపే) ఐజీఎఫ్-1, ప్రొలాక్టిన్, అవసరాన్ని బట్టి ఎమ్మారై. ఎంఈఎన్1లో కాల్షియం కూడా. ఇందులో తల్లిదండ్రులు ఇంట్లోనే చేయగలిగిన పని ఎత్తు కొలవడం. ప్రతి పుట్టినరోజుకీ గోడకు ఆనించి, చెప్పులు విప్పించి, తలమీద పుస్తకం పెట్టి గీత గీసి తేదీ రాయండి. నాలుగేళ్ల నుంచి యుక్తవయసు వరకు పిల్లలు ఏడాదికి సుమారు ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. ఆ గీతల మధ్య దూరం అకస్మాత్తుగా ఎక్కువైనా, ఆగిపోయినా డాక్టరుకు చూపించాలి. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో మన పిల్లల కోసం సవరించిన గ్రోత్ చార్టులున్నాయి. మీ పిల్లల డాక్టరును ఆ చార్టు మీద చుక్కలు పెట్టి చూపించమనండి.

పొడుగ్గా ఎదుగుతున్న కొడుకును చూసి మురిసిపోతాం. దిష్టి తగులుతుందని చుక్క పెడతామే కాని చార్టు చూడం. పన్నెండేళ్ల పిల్లాడు ఇంట్లో ఎవరూ లేనంత పొడుగైపోయి, నెలనెలా బూట్లు చిన్నవైపోతుంటే, తలనొప్పీ చెమటలూ ఉంటే, అది ఒక్కసారి చూపించదగ్గ విషయం. తల్లిదండ్రులు పొడుగైతే పిల్లలు పొడుగవుతారు, అది సహజం. అమ్మానాన్నల ఎత్తుతో పొంతన లేని పొడుగును పట్టించుకోవాలి.

బొద్దుతనం విషయంలోనూ అంతే. తిని లావెక్కిన పిల్లలు సాధారణంగా వయసుకు తగ్గ ఎత్తో, కొంచెం ఎక్కువో ఉంటారు. ఒకవైపు లావెక్కుతూ, మరోవైపు ఎత్తు ఆగిపోయిన బిడ్డను చూస్తే కుషింగ్ వ్యాధి గుర్తుకు రావాలి. ముఖం గుండ్రంగా, బుగ్గలు ఎర్రగా మారడం, పొట్టమీద ఊదారంగు చారలు, బీపీ ఉంటే ఆలస్యం చేయకూడదు. తిండి తగ్గించమని ఆ పిల్లను తిట్టి లాభం లేదు, తప్పు పళ్లెంలో లేదు.

పక్కనుంచి వచ్చే బంతిని, స్కూటరును గమనించలేకపోవడం, తలుపు అంచులకు తగులుకోవడం చూపు పక్కలా తగ్గుతోందనడానికి గుర్తులు. నెలసరి మొదలై మళ్లీ నెలలపాటు ఆగడం, పదమూడేళ్లు నిండినా అమ్మాయిలో, పద్నాలుగు నిండినా అబ్బాయిలో యుక్తవయసు గుర్తులు రాకపోవడం, ఇవన్నీ డాక్టరుకు చెప్పవలసినవే. హఠాత్తుగా భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు మందగించడం కలిసి వస్తే రాత్రయినా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి, ఇది చాలా ఇళ్లకు అక్కరకొస్తుంది. థైరాయిడ్ బాగా తగ్గి, ఏళ్లపాటు మందు లేకుండా ఉంటే పిట్యూటరీ ఉబ్బుతుంది. ఎమ్మారైలో అచ్చం గడ్డలాగే కనిపిస్తుంది. ప్రొలాక్టినూ పెరుగుతుంది, పిల్ల ఎదుగుదలా ఆగుతుంది. అలాంటి వాపు థైరాక్సిన్ మాత్రలతోనే తగ్గిపోతుంది. కాబట్టి ఆపరేషన్, జన్యుపరీక్ష అనే మాట వినబడేసరికి థైరాయిడ్ పరీక్ష అయిందో లేదో అడగండి. వాంతులకు వాడే డాంపెరిడోన్, మానసిక సమస్యలకు ఇచ్చే రిస్పెరిడోన్ లాంటి మందులూ ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. పిల్లలు వాడుతున్న మందులన్నీ చెప్పండి. అలాగని డాక్టరుకు చెప్పకుండా ఆ మందులు మానేయకూడదు.

చికిత్స ఉంది. ప్రొలాక్టిన్ గడ్డలు చాలావరకు కాబెర్గోలిన్ మాత్రలతోనే కుంచించుకుపోతాయి. మిగతావాటికి తల తెరవకుండా ముక్కులోంచి వెళ్లి తీసే ఆపరేషన్ ఉంది. గ్రోత్ హార్మోన్‌కు ఇంజెక్షన్లున్నాయి. ఏఐపీ మార్పు ఉన్న గడ్డలు కొన్ని ఇంజెక్షన్లకు సరిగా లొంగవు, ఆ సంగతి ముందే తెలిస్తే డాక్టరు వేరే దారి ఆలోచిస్తారు. ఆపరేషన్ తరవాత హైడ్రోకార్టిజోన్ మాత్రలు రాసిస్తే ఒక్కపూట కూడా మానకూడదు, జ్వరం వచ్చినప్పుడు ఎంత పెంచాలో డిశ్చార్జికి ముందే రాయించుకోవాలి. ఆ చీటీ స్కూలు బ్యాగులోనూ ఒకటి ఉండాలి.

బిడ్డకు ఈ సంగతి ఎలా చెప్పాలి? చెప్పకుండా మాత్రం ఉండొద్దు. గుసగుసలు పిల్లలు పసిగట్టేస్తారు, తమ వల్లే ఏదో అయిందనుకుంటారు. ఆరేళ్లవాడికి ‘నువ్వెంత ఎదుగుతున్నావో డాక్టరు చూస్తారు’ అంటే చాలు. పదమూడేళ్ల అమ్మాయికి జన్యువు పేరు చెప్పవచ్చు, చెప్పాలి కూడా. పద్దెనిమిది నిండాక రిపోర్టు ఆ అమ్మాయిదే. పరీక్షలో మార్పు దొరికిన బిడ్డను రోగిలా చూడకండి. ఆటలు, చదువు, ఊరి తిరునాళ్లు ఏవీ ఆపవద్దు. తమ్ముడికి రాలేదనే నిశ్చింత ఎదురుగా చెప్పి అన్నను నొప్పించనూ వద్దు.

పెళ్లి సంబంధాలు పోతాయని కొన్ని కుటుంబాలు ఈ విషయాన్ని తొక్కిపెడతాయి. ఆ భయం నాకు అర్థమవుతుంది, ఆడపిల్ల ఉన్న ఇంట్లో మరీ. కానీ దాచిపెడితే నష్టపోయేది మన పిల్లలే. అన్న కొడుకులో గడ్డ ఉందని తెలియక, చెల్లెలి కూతురు నాలుగేళ్లు తలనొప్పి మాత్రలు మింగుతుంది. పెళ్లి విషయం వచ్చినప్పుడు, చూపులనాడు కాకపోయినా మాట ఖాయం కాకముందు, డాక్టరు ఎదుట రెండు కుటుంబాలూ కూర్చుని మాట్లాడుకోవడం మంచిది. మార్పు ఉన్నవాళ్లు పెళ్లాడవచ్చు, పిల్లల్ని కనవచ్చు. కనబోయే ముందు ఏయే దారులున్నాయో జెనెటిక్స్ డాక్టరు వివరంగా చెబుతారు.

కాబట్టి మీ బిడ్డలో ఏఐపీనో ఎంఈఎన్1నో తేలితే, ఆ రిపోర్టు కాపీలు తీసి మీ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఇవ్వండి. డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్లకు ఫోటో తీసి పంపండి, అక్కడి డాక్టరుకు జన్యువు పేరూ మార్పు వివరమూ ఆ కాగితం మీద చూస్తే సరిపోతుంది. మాటలు లేని బంధువులైనా సరే, మధ్యవర్తి ద్వారా అయినా పంపండి. వాళ్ల పిల్లలు నాలుగైదేళ్లవాళ్లయితే వెంటనే పంపండి.